చూపుడువేలు వాంగ్మూలం

పీణ్య సెకండ్ స్టేజిలో, రేకుల షెడ్డు తలుపు పక్కన
అరచేయంత నల్లటి మిషన్ ఒకటుండాది.
మడకశిర నుంచి వచ్చిన కొత్తలో
నా వేలు దానికి ఆనలేదు.
శెనక్కాయలు వలిచి వలిచి గీతలు అరిగినాయంట.
కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టమన్నారు.
ఆనింది.
మూడేండ్లు పొద్దున ఎనిమిదికి
'థ్యాంక్యూ' అనేది ఆడగొంతుతో.
ఆ షెడ్డులో నన్ను ఆ మాట అన్నది అదొక్కటే.

లోపల ముప్పై టన్నుల ప్రెస్సు.
రేకు పెట్టు, పెడల్ తొక్కు, వాషరు తియ్యి.
చెయ్యి అడ్డమొస్తే ఆగేటందుకు
దానికి ఒక ఎర్రకన్ను ఉండేది.
గంటకు తొమ్మిదొందలు పడటంలేదని
కెంపయ్య ఆ కన్నుకు దారి మళ్లించి
పైన నల్లటేపు చుట్టించినాడు.

ఆ దినం బేస్తవారం.
నొప్పి గుర్తులేదు.
చప్పుడు గుర్తుంది. రోజూ వినేదే,
కొంచెం మెత్తగా.
ఒడిశా పిల్లోడు సుకాంత
బనీనుగుడ్డలో రెండు వేళ్లూ ఏరుకోని
ఐసు కోసం జ్యూసుబండికాడికి ఉరికినాడంట.
ఐసు దొరికింది.
వేళ్లు అతికించే ఆస్పత్రికి పోయేసరికి
జాలహళ్లి క్రాసు అడ్డమొచ్చింది.

"ఓబులమ్మనా? ఆ పేరున్నామె మాకాడ లేదే"
అన్నాడు కెంపయ్య.
రిజిస్టరు తెచ్చి చూపించినాడు. నిజమే, లేను.
జీతం కవర్లో ఇచ్చేవాళ్లు.
ఈఎస్ఐకని నెలనెలా పట్టుకున్నారు,
కార్డు అడిగితే "బరుత్తమ్మా, బరుత్తె" అన్నారు.

బన్నేరుఘట్ట రోడ్డు, కార్మిక భవన, మూడో బెంచీ.
షాహీనా మేడం చట్టం పుస్తకం తెరిచి
వేళ్ల ధర చదివి చెప్పింది.
చూపుడువేలు మొదలంటా పోతే పద్నాలుగు శాతం.
మధ్యవేలు పన్నెండు.
ఏడో తరగతి చదివినదాన్ని, కూడుకున్నాను.
ఇరవయ్యారు.
"కాదమ్మా, రెండూ ఒకే చేతివి పోతే ఇరవై. అట్లే రాసిండాది."
ఆ ఆరు యాడికి పాయె మేడం?
ఆమె నవ్వలేదు.
కాగితం మీద ఏదో రాసుకునింది, కొట్టేసింది.

వయసుకూ ఒక అంకె ఉందంట.
చిన్నవాళ్లకు ఎక్కువ, ముదిరేకొద్దీ తక్కువ.
నాకు ముప్పై నాలుగు.
ఇంకొంచెం ముందే నలిగుంటే బాగుండేదన్నమాట.

బస్సులో ఆ ఆరు గురించే ఆలోచిస్తా.
పాప జడకు మూడు పాయలు.
మూడోది జారిపోతాంటాది.
"వదిలెయ్ మా, బాబ్ కట్ చేయించుకుంటా" అనింది మొన్న.
అది ఏ పేజీలో ఉందో.

నాలుగో వాయిదాకు మేడం పట్టుబడితే
ఆ నల్లమిషన్‌ను అట్టపెట్టెలో తెచ్చినారు.
తీగలు ఊడబీకిన గోడసున్నం
ఇంకా అంటుకునే ఉంది దానికి.
లోపల నేనున్నాను.
నలభై ఏడో నెంబరు. పేరు లేదు.
మూడేండ్ల పొద్దులు, ఎనిమిదీ రెండు, ఎనిమిదీ అయిదు,
ఒక్క దినం ఎనిమిదీ ఇరవై. పాపకు జ్వరం.
నేను మరిచిపోయినా
వేలు మర్చిపోలేదు.

వాళ్ల లాయరు లేచినాడు, మర్యాదస్తుడు.
"ఆ నలభై ఏడు ఈమేనని ఏం రుజువు?
వేలు పెట్టి చూపించమనండి సార్."

ఫ్యాను తిరుగుతాంది.
టైపు కొట్టే ఆయన చేతులు ఆగినాయి.
నేను కుడిచెయ్యి పైకెత్తినాను.
కెంపయ్య వైపు చూపించినాను.
వేలు లేని చోటుతోనే.

ఆయన తల తిప్పుకున్నాడు.
అది రుజువు కాదని మేడం తర్వాత చెప్పింది.
జూలై పద్దెనిమిదికి వాయిదా.
సుకాంత సాక్ష్యానికి వస్తానన్నాడు,
ఆ పూట జీతం కోస్తారు వానికి.

ఒక సంగతి కోర్టుకు చెప్పలేదు.
పొద్దున ఎనిమిదయ్యేసరికి
లేని వేలికి జిల పుడతాది.
గోక్కుందామని చూస్తే
ఆడ ఏమీ ఉండదు.
డ్యూటీకి పోయుంటాది.